పొగకు పాతర

పాఠ్యభాగ ఉద్దేశం

పరిశ్రమల నుంచి వెలువడే కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టి భూగర్భంలో నిలువ చేసే విధానాన్ని విశాఖపట్నం నేపథ్యంలో పరిచయం చేయడం, ఒక శాస్త్ర సాంకేతిక పరిష్కారాన్ని లాభనష్టాలతో సహా తూచి చూసే వివేచనను విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మన పూర్వులు పండిన ధాన్యాన్ని పాతరలలో నిలువ చేసుకొనేవారు. నీరు ఊరని ఎత్తైన చోటు చూసి గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరచి, ధాన్యం పోసి, పైన మట్టితో మూతి మూసేవారు. చోటు ఎంచుకోవడంలో గాని, మూతి మూయడంలో గాని ఏమరుపాటు చూపితే ఏడాది కష్టమంతా వృథా అయ్యేది. నేడు శాస్త్రజ్ఞులు మరొక విధమైన పాతరను గురించి ఆలోచిస్తున్నారు. అందులో దాచేది ధాన్యం కాదు. కర్మాగారాల పొగగొట్టాల నుంచి వెలువడే కార్బన్ డై ఆక్సైడ్. ధాన్యపు పాతరను అవసరమైనప్పుడు తెరుస్తాం. ఈ పాతరను మాత్రం వేల సంవత్సరాలపాటు తెరవకూడదు. అది తనంతట తానుగా తెరుచుకోకూడదు కూడా. రెండింటికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

ఉక్కునగరంగా, రేవుపట్టణంగా పేరుపొందిన విశాఖపట్నానికి ఈ ఆలోచనతో దగ్గరి సంబంధం ఉంది. పొగను పుట్టించే పరిశ్రమలు అక్కడ ఉన్నాయి. భూగర్భంలో ఇంధనాలను నిలువ చేసిన అనుభవం అక్కడ ఉంది. వాతావరణంలో వస్తున్న మార్పుల వలన నష్టపోగల సముద్రతీరమూ అక్కడే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్ని ఎంతగా అతలాకుతలం చేసిందో తెలుగువారికి గుర్తే. ఏ ఒక్క తుపానుకూ భూతాపమే కారణమని చెప్పలేం. కాని సముద్ర జలాలు వేడెక్కిన కొద్దీ తుపానుల తీవ్రత పెరుగుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. అందువల్ల పొగకు పాతర వేయడం సాధ్యమేనా, సాధ్యమైతే ఏయే నియమాలు పాటించాలి, అది మనకు గిట్టుబాటు అవుతుందా అనే ప్రశ్నలు విశాఖవాసులకే కాక మనందరికీ ముఖ్యమైనవి.

ఉక్కు వెనుక ఉన్న పొగ

'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అనే నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు అర్పించారు. 1971 జనవరి 20న కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న నాటి ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ కొలిములకు పేర్లు పెట్టుకొన్నాం. నేడు ఈ కర్మాగారం వార్షిక సామర్థ్యం 73 లక్షల టన్నులు.

ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. ఆ ఆక్సిజన్‌ను విడదీయడానికి కొలిమిలో కోక్ వేస్తారు. కోక్‌లోని కార్బన్ మొదట కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగుకొని కార్బన్ డై ఆక్సైడ్‌గా బయటికి వస్తుంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. విద్యుత్ కేంద్రంలో బొగ్గు కేవలం ఇంధనం. దాని స్థానంలో సూర్యరశ్మినో గాలినో వినియోగించుకోవచ్చు. బ్లాస్ట్ కొలిమిలో బొగ్గు ఇంధనం మాత్రమే కాదు; రసాయనిక చర్యలో అది ఒక భాగస్వామి. కాబట్టి కర్మాగారంలోని దీపాలన్నింటినీ సౌరవిద్యుత్తుతో వెలిగించినా కొలిమి నుంచి వచ్చే పొగ ఆగదు. ఉక్కు పరిశ్రమ విషయంలో కార్బన్‌ను పట్టి దాచే ఆలోచన బలంగా ముందుకు రావడానికి కారణం ఇదే.

మన దేశంలో ఒక టన్ను ఉక్కు తయారీకి సగటున సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుందని అంచనా. ఈ లెక్కన విశాఖ కర్మాగారం పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే ఏడాదికి సుమారు ఒక కోటి 80 లక్షల టన్నులు, అంటే రోజుకు దాదాపు 50 వేల టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇది కచ్చితమైన కొలత కాదు, విషయం పరిమాణాన్ని తెలుసుకోవడానికి వేసిన లెక్క మాత్రమే. పరవాడ వద్ద ఉన్న 2,000 మెగావాట్ల సింహాద్రి తాప విద్యుత్ కేంద్రం, నగరంలోని చమురు శుద్ధి కర్మాగారం ఈ లెక్కలో చేరలేదు.

పట్టడం ఎలా?

పొగలో ఉన్నదంతా కార్బన్ డై ఆక్సైడ్ కాదు. బ్లాస్ట్ కొలిమి నుంచి వచ్చే వాయువులో అది సుమారు ఐదవ వంతు ఉంటుంది. బొగ్గు విద్యుత్ కేంద్రపు పొగలో ఇంకా తక్కువ. మిగిలినదానిలో అధికభాగం నత్రజని. అంతటినీ భూమిలోకి పంపడం వ్యర్థం. అందుచేత ముందుగా కార్బన్ డై ఆక్సైడ్‌ను వేరుచేయాలి.

ఇందుకు ఎక్కువగా వాడుకలో ఉన్నది అమైన్ల పద్ధతి. అమైన్ కలిపిన నీటిని ఎత్తైన గోపురం పైనుంచి జల్లుతారు. కింది నుంచి పైకి వచ్చే పొగలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను ఆ ద్రావణం పీల్చుకొంటుంది. తరువాత ద్రావణాన్ని మరొక గోపురంలోకి పంపి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే అది పీల్చుకొన్న వాయువును విడిచిపెడుతుంది. ద్రావణాన్ని చల్లార్చి మళ్లీ వాడుకొంటారు. చిక్కిన వాయువును ఆరబెట్టి, ఒత్తిడి పెంచి గొట్టాల ద్వారా తరలిస్తారు.

వినడానికి ఇది సులభంగానే ఉంది. కాని ద్రావణాన్ని వేడిచేయడానికి, వాయువును కుదించడానికి ఎంతో శక్తి కావాలి. బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఈ ఏర్పాటు చేస్తే అది ఉత్పత్తి చేసే విద్యుత్తులో ఐదవ వంతు నుంచి దాదాపు మూడవ వంతు వరకు దీనికే ఖర్చు కావచ్చు. పొగను పట్టడానికి అదనంగా బొగ్గు కాల్చి, ఆ అదనపు పొగను కూడా పట్టవలసి వస్తే ప్రయోజనంలో కొంత భాగం కరిగిపోతుంది. ఉక్కు కర్మాగారాలలో వృథాగా పోయే వేడి చాలా ఉంటుంది. దానిని ఈ పనికి మళ్లించగలిగితే భారం తగ్గుతుంది.

దాచడం ఎలా?

విశాఖపట్నంలో భూగర్భ నిలువ కొత్త విషయం కాదు. 2007లో అక్కడ 60 వేల టన్నుల వంటగ్యాసును నిలువ చేయగల భూగర్భ గుహ పనిచేయడం ప్రారంభించింది. కొండరాతిని దాదాపు 200 మీటర్ల లోతున తొలిచి దానిని నిర్మించారు. 2015లో అత్యవసర పరిస్థితుల కోసం 13 లక్షల 30 వేల టన్నుల ముడి చమురును దాచగల మరికొన్ని గుహలు వినియోగంలోకి వచ్చాయి. ఈ గుహల గోడలకు ఇనుప తొడుగులు ఉండవు. చుట్టూ రాతిపగుళ్లలో ఉన్న నీటి ఒత్తిడి, లోపలి ఇంధనపు ఒత్తిడికంటె ఎక్కువగా ఉండేటట్లు చూస్తారు. నీరే కనిపించని గోడగా నిలిచి ఇంధనాన్ని బయటికి పోనివ్వదు.

మరి ఇటువంటి గుహలలోనే కార్బన్ డై ఆక్సైడ్‌ను కూడా దాచవచ్చు కదా అనే సందేహం కలుగుతుంది. ఇక్కడే పరిమాణం అడ్డువస్తుంది. ముందు చెప్పుకొన్న లెక్క ప్రకారం, 60 వేల టన్నులు పట్టే గుహ ఉక్కు కర్మాగారపు పొగతో రెండు రోజులు తిరగకుండానే నిండిపోతుంది. ఇంధనాన్ని నింపుతూ తీస్తూ ఉంటాం కాబట్టి దానికి గుహ సరిపోతుంది. ఎన్నటికీ తీయకూడనిదాన్ని దాచడానికి మనిషి తవ్విన గుహలు చాలవు.

అందుకు ప్రకృతి నిర్మించిన చోటు కావాలి. అవక్షేప శిలల్లో, ముఖ్యంగా ఇసుకరాతి పొరలలో, రేణువుల నడుమ కంటికి కనిపించని సందులు కోట్లాదిగా ఉంటాయి. చాలా లోతున ఆ సందులలో ఉప్పునీరు నిండి ఉంటుంది. అది తాగడానికి గాని, సేద్యానికి గాని పనికిరాదు. ఆ పొరలలోకి కార్బన్ డై ఆక్సైడ్‌ను ఒత్తిడితో పంపుతారు. సాధారణంగా 800 మీటర్లకు మించిన లోతును ఎంచుకొంటారు. ఆ లోతులోని ఒత్తిడికి, ఉష్ణోగ్రతకు అది అటు వాయువూ ఇటు ద్రవమూ కాని చిక్కని స్థితికి వస్తుంది. నేల మీద వెయ్యి ఘనపు మీటర్ల చోటు ఆక్రమించే వాయువు అక్కడ మూడు నాలుగు ఘనపు మీటర్లలో ఇముడుతుంది.

అది పైకి రాకుండా నాలుగు అడ్డంకులు పనిచేస్తాయి. మొదటిది, ఇసుకరాతి పైన మూతలా పరచుకొని ఉన్న బంకమట్టి శిలల పొర. దీనిని మూతరాయి అనవచ్చు. రెండవది, రాతి సందులలో వాయువు చిన్న చిన్న బుడగలుగా చిక్కుకొనిపోవడం. మూడవది, కాలక్రమాన అది ఉప్పునీటిలో కరిగిపోవడం. నాలుగవది, రాతిలోని ఖనిజాలతో కలిసి తానే రాయిగా మారడం. మొదటి అడ్డంకి వెంటనే పనిచేస్తుంది. చివరిది సాధారణంగా వందల, వేల సంవత్సరాలలో జరుగుతుంది.

విశాఖ కొండలు ప్రధానంగా ఖొండలైట్ వంటి గట్టి రూపాంతర శిలలతో ఏర్పడినవి. తూర్పు కనుమలలో నివసించే ఖోండుల పేరు మీదుగా ఆ శిలకు ఆ పేరు వచ్చింది. గుహలను తొలవడానికి అనువుగా ఉన్న ఆ గట్టిదనమే కార్బన్ నిలువకు ప్రతికూలం. దాని సందులలో ఇముడ్చుకొనే శక్తి స్వల్పం. కనుక విశాఖ పొగకు విశాఖ నేలలో పాతర లేదు. దగ్గరలో ఉన్న అనువైన ప్రాంతం కృష్ణా గోదావరి అవక్షేప క్షేత్రం. లక్షల ఏళ్లపాటు సహజవాయువును తన పొరలలో దాచుకొన్న ప్రాంతం అది. వాయువును నిలిపే మూతరాయి అక్కడ ఉన్నదనడానికి ఇదే నిదర్శనం. వాయువు తీసివేయగా ఖాళీ అయిన పొరలను, తీరానికి దూరంగా సముద్రం అడుగున ఉన్న ఉప్పునీటి పొరలను పరిశీలించవచ్చు.

రెండవ మార్గం బసాల్ట్ శిల. ఐస్‌లాండ్‌లో 2012లో చేసిన ప్రయోగంలో నీటిలో కరిగించి బసాల్ట్‌లోకి పంపిన కార్బన్ డై ఆక్సైడ్‌లో 95 శాతం రెండేళ్లలోపే రాయిగా మారింది. తెలంగాణ పశ్చిమ భాగంలో దక్కన్ బసాల్ట్ పొరలు ఉన్నాయి. రాజమహేంద్రవరం పరిసరాలలోనూ బసాల్ట్ కనిపిస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు బసాల్ట్‌లో కార్బన్ నిలువపై పరిశోధనలు చేశారు. అయితే ఐస్‌లాండ్ పద్ధతిలో ఒక టన్ను వాయువును కరిగించడానికి పాతిక టన్నుల వరకు నీరు కావాలి. బోరుబావులు ఎండిపోయే ప్రాంతంలో ఈ నీటిని ఎక్కడినుంచి తేవాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ప్రపంచ దేశాల అనుభవం

ఈ విధానం కాగితాలకే పరిమితమైనది కాదు. నార్వే సమీపంలోని స్లైప్నర్ సముద్ర క్షేత్రంలో 1996 నుంచి సహజవాయువులోని కార్బన్ డై ఆక్సైడ్‌ను వేరుచేసి సముద్రగర్భంలోని ఇసుకరాతిలోకి పంపారు. చాలా సంవత్సరాలపాటు ఏటా పది లక్షల టన్నులకు చేరువగా దాచారు. నార్వే 1991లో విధించిన కార్బన్ పన్ను ఇందుకు ప్రేరణ. పన్ను కట్టడంకంటె వాయువును దాచడమే చౌక అని కంపెనీ గ్రహించింది. అదే దేశంలో 2025 ఆగస్టులో నార్తర్న్ లైట్స్ అనే ప్రణాళిక మొదటిసారిగా సిమెంటు కర్మాగారం నుంచి పట్టిన వాయువును ఓడలలో తెచ్చి సముద్రగర్భంలోకి పంపింది. రేవుపట్టణమైన విశాఖకు ఇది ఆసక్తికరమైన ఉదాహరణ. జనావాసాల మీదుగా పొడవైన గొట్టాలు వేయనవసరం లేకుండా సముద్రమార్గంలోనే తరలించే అవకాశాన్ని అది సూచిస్తున్నది.

ఉక్కు రంగంలో అబూధాబీలో 2016 నుంచి ఏటా ఎనిమిది లక్షల టన్నుల వరకు కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టగల ఏర్పాటు పనిచేస్తున్నది. కాని అక్కడ ఉన్నది బ్లాస్ట్ కొలిమి కాదు. సహజవాయువుతో ఇనుము తయారుచేసే ఆ పద్ధతిలో కార్బన్ డై ఆక్సైడ్ ముందే వేరుపడి వస్తుంది. పైగా దానిని భూమిలోకి పంపడంలోని ఉద్దేశం మరింత చమురు తీయడం. మన దేశంలో 2021లో జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ బ్లాస్ట్ కొలిమి వాయువు నుంచి రోజుకు ఐదు టన్నులు పట్టే యంత్రాన్ని నెలకొల్పింది. ఇది మంచి ఆరంభమే. అయితే విశాఖ విషయంలో మనం వేసుకొన్న రోజుకు 50 వేల టన్నుల లెక్కతో పోలిస్తే ఇది పదివేలవ వంతు. ప్రయోగశాలకు, పరిశ్రమకు మధ్య ఉన్న దూరం ఎంతో ఈ ఒక్క అంకె చెబుతుంది.

వైఫల్యాల నుంచి కూడా నేర్చుకోవలసింది ఉంది. కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు విద్యుత్ కేంద్రం 2014లో ఏటా పది లక్షల టన్నులు పట్టాలని ప్రారంభమై తరచూ లక్ష్యానికి వెనుకబడింది. ఆస్ట్రేలియాలోని గోర్గన్ క్షేత్రంలో 2019లో మొదలైన నిలువ నిర్దేశించుకొన్న లక్ష్యానికి చాలా దూరంలో నిలిచింది. అల్జీరియాలోని ఇన్ సలాలో 2004లో మొదలుపెట్టి, మూతరాయి పటిష్ఠతపై అనుమానాలు కలగడంతో 2011లో నిలిపివేశారు. అక్కడ నేల మిల్లీమీటర్ల మేర ఉబ్బడాన్ని ఉపగ్రహాలు ముందే కనిపెట్టాయి. నిఘా ఉండబట్టే ఆపగలిగారు.

పాటించవలసిన నియమాలు

పాతర తెరిచిన వెంటనే పెద్దలు లోపలికి దిగనిచ్చేవారు కాదు. కొంతసేపు గాలి ఆడనిచ్చేవారు. ధాన్యం విడిచిన కార్బన్ డై ఆక్సైడ్ పాతర అడుగున పేరుకొని ప్రాణాలు తీస్తుంది. ఆ వాయువు గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. దానికి రంగు, వాసన లేవు. పల్లంలో నిలుస్తుంది. 1986లో ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో నయోస్ సరస్సు అడుగున సహజంగా చేరిన ఈ వాయువు ఒక్కసారిగా వెలువడి సుమారు 1,700 మందిని బలిగొన్నది. 2020లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో సటార్షియా అనే ఊరి సమీపాన ఈ వాయువును తరలించే గొట్టం పగిలినప్పుడు సుమారు 200 మందిని ఖాళీ చేయించవలసి వచ్చింది. అదే ఏడాది మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. అది వేరే రసాయనమే. అయినా జనావాసాల నడుమ వాయువులను నిలువ చేసేటప్పుడు ఎంత జాగరూకత అవసరమో ఆ నగరం ఎన్నడూ మరువరాదు.

కోనసీమకు కూడా తనదైన అనుభవం ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో సహజవాయువు బావి అదుపు తప్పి అంటుకొని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పేలి అనేకులు మరణించారు. ఈ 'నగరం' విశాఖ కాదు, కోనసీమలోని ఒక గ్రామం. కార్బన్ డై ఆక్సైడ్ మండదు. కాని లోపభూయిష్ఠమైన బావి, పాతబడిన గొట్టం ఏ వాయువుకైనా దారి ఇస్తాయి.

ఈ అనుభవాల నుంచి కొన్ని నియమాలు రూపుదిద్దుకొన్నాయి. ఒకటి, భూకంప తరంగాల పరీక్షలతోనూ నమూనా బావులతోనూ శిలాపొరలను సంవత్సరాల తరబడి అధ్యయనం చేసిన తరువాతనే చోటును నిర్ణయించాలి. రెండు, ఆ ప్రాంతంలో గతంలో తవ్వి విడిచిన బావులన్నింటినీ గుర్తించి సిమెంటుతో పటిష్ఠంగా మూయాలి. మూతరాయి ఎంత గట్టిదైనా దానికి మనం పొడిచిన తూట్లే బలహీన స్థానాలు. మూడు, వాయువు పంపకముందే నేలలోని, నీటిలోని సహజస్థితిని కొలిచి ఉంచాలి. లేకుంటే తరువాత వచ్చిన మార్పును గుర్తించలేం. నాలుగు, వాయువు పంపడం ఆపిన తరువాత కూడా దశాబ్దాలపాటు పరిశీలన కొనసాగాలి. ఐదు, కొలతలు తీసేవారు కంపెనీకి లోబడనివారై ఉండాలి. ఫలితాలు ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఆరు, యాభై ఏళ్ల తరువాత ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో చట్టం ముందుగానే తేల్చిచెప్పాలి. ఏడు, ఆ నేల మీద నివసించే ప్రజలకు వారి భాషలో విషయం వివరించి, వారి సమ్మతి పొందాలి.

ఈ చివరి నియమం అన్నింటికంటె ముఖ్యమైనది. పొగ పుట్టేది విశాఖలో; పాతర ఏర్పడేది కోనసీమలోనో, ఆ తీరంలోని మత్స్యకారులు వేటాడే కడలి అడుగుననో. ఉక్కు వల్ల కలిగే మేలు ఒకచోట, ప్రమాద భయం మరొకచోట ఉండటం న్యాయం అనిపించుకోదు. పొరుగువాని పెరట్లో పాతర తవ్వేటప్పుడు ఆయన అనుమతి అడగడం కనీస మర్యాద.

గిట్టుబాటు అవుతుందా?

సాంకేతికంగా సాధ్యమైనదంతా ఆర్థికంగా సాధ్యం కాదు. పట్టడం, కుదించడం, తరలించడం, భూమిలోకి పంపడం, కనిపెట్టి ఉండటం అనే ఈ ఐదు పనులకూ ఖర్చు ఉంది. చమురు తీయడానికి తోడ్పడినప్పుడు తప్ప దాచిన వాయువు వల్ల ఆదాయం లేదు. అందువల్లనే కార్బన్‌కు ప్రభుత్వం ఏదో ఒక వెల కట్టిన చోటనే ఈ విధానం నిలదొక్కుకొన్నది. నార్వే పన్ను వేసింది. అమెరికా 2022లో భూమిలో దాచిన ప్రతి టన్నుకు 85 డాలర్ల వరకు పన్ను రాయితీ ప్రకటించింది. మన దేశంలో నీతి ఆయోగ్ 2022లో ఈ విషయమై విధాన నివేదిక వెలువరించింది. 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటితమైంది.

విశాఖ ఉక్కు విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలం. ఆర్థిక ఇబ్బందులలో ఉన్న ఆ కర్మాగారానికి కేంద్ర ప్రభుత్వం 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయం ప్రకటించింది. అటువంటి సంస్థపై మరొక పెద్ద భారం మోపడం తేలిక కాదు. మరోవైపు, ఏమీ చేయకుండా ఉండటమూ ఉచితం కాదు. 2026 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య తన సరిహద్దులలోకి వచ్చే ఉక్కుపై దాని తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి రుసుము విధించే విధానాన్ని పూర్తిస్థాయిలో అమలులోకి తెచ్చింది. పొగ ఎక్కువైన ఉక్కుకు విపణిలో గిరాకీ తగ్గే రోజులు వస్తున్నాయి. 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకొన్న కర్మాగారం భవిష్యత్తు, దానిని నమ్ముకొన్న వేలాది కుటుంబాల జీవనం ఈ లెక్కతో ముడిపడి ఉన్నాయి.

అయితే పాతర ఉన్నది కదా అని పొగను పెంచుకోవడం అవివేకం. మొదట చేయవలసింది పొగను తగ్గించడం. ఎర్రగా కాలిన కోక్‌ను నీటితో కాక నత్రజనితో చల్లార్చి, ఆ వేడితో విద్యుదుత్పత్తి చేసే పద్ధతిని మన దేశంలో తొలుత చేపట్టిన కర్మాగారాలలో విశాఖ ఉక్కు ఒకటి. కొలిమి పైభాగపు వాయు పీడనంతో టర్బైన్లు తిప్పడం కూడా అక్కడ ఉంది. తుక్కు ఇనుమును కరిగించి వాడటం మరొక మార్గం. బొగ్గుకు ప్రత్యామ్నాయంగా హైడ్రోజన్‌తో ఖనిజంలోని ఆక్సిజన్‌ను తొలగిస్తే పొగకు బదులు నీటి ఆవిరి వస్తుంది. అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అది సఫలమైతే, విశాఖ ఉక్కుకు బొగ్గుపై ఆధారపడటం కొంతైనా తగ్గించుకొనే మార్గం సమీపంలోనే లభిస్తుంది. ఈ మార్గాలన్నీ అనుసరించినా మిగిలిపోయే పొగకు మాత్రమే పాతర తగినది.

మన దేశం 2070 నాటికి కార్బన్ ఉద్గారాలను నికరంగా శూన్యానికి చేర్చుతామని 2021లో ప్రపంచానికి మాట ఇచ్చింది. ఆ నాటికి నేటి ఇంటర్మీడియట్ విద్యార్థులు వృద్ధులై ఉంటారు. వాయువును పంపే బావుల నిర్మాణమూ, వాటి పర్యవేక్షణా మీ తరం చేతుల మీదుగానే జరగాలి. రసాయన శాస్త్రం చదివినవారు చౌకైన ద్రావణాలను కనిపెట్టాలి. భూగర్భ శాస్త్రం చదివినవారు శిలాపొరలను శోధించాలి. న్యాయశాస్త్రం చదివినవారు బాధ్యతలను నిర్ణయించాలి. వీరంతా చెప్పేదాన్ని ప్రశ్నించి, సమాధానం రాబట్టే పని పౌరులది. మూతి సరిగా మూయని పాతర వల్ల నష్టపోయేది దానిని తవ్వినవారు కాదు, తరువాత వచ్చేవారు. ఆ ఎరుకతో వేసే అడుగే సరైన అడుగు.

కఠిన పదాలు – అర్థాలు

పాతర = ధాన్యం నిలువ చేసే గొయ్యి
ఏమరుపాటు = అజాగ్రత్త
అవక్షేప శిల = మట్టి, ఇసుక పొరలుగా పేరుకొని గట్టిపడగా ఏర్పడిన రాయి
రూపాంతర శిల = వేడిమికి, ఒత్తిడికి స్వరూపం మారిన రాయి
లోపభూయిష్ఠం = లోపాలతో నిండినది
విపణి = అంగడి, మార్కెట్
జటిలం = చిక్కుతో కూడినది
తుక్కు ఇనుము = వాడి పారవేసిన ఇనుము
ఉద్గారం = బయటికి వెలువడినది

వ్యాకరణాంశాలు

విద్యుదుత్పత్తి = విద్యుత్ + ఉత్పత్తి – జశ్త్వ సంధి
ప్రత్యామ్నాయం = ప్రతి + ఆమ్నాయం – యణాదేశ సంధి
ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత – గుణ సంధి
లాభనష్టాలు = లాభమును, నష్టమును – ద్వంద్వ సమాసం
భూగర్భం = భూమి యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టి భూగర్భంలో దాచే విధానాన్ని వివరించండి.
2. కార్బన్ నిలువలో పాటించవలసిన నియమాలు ఏవి? వాటిలో ప్రజల సమ్మతికి రచయిత ఎందుకు ప్రాధాన్యమిచ్చారు?

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. విశాఖలోని ఇంధన గుహలు కార్బన్ నిలువకు ఎందుకు సరిపోవు?
2. బ్లాస్ట్ కొలిమిలో బొగ్గు కేవలం ఇంధనం కాదనడంలోని ఆంతర్యం ఏమిటి?
3. ఇతర దేశాల వైఫల్యాల నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి?

ఇ) కింది ప్రశ్నలకు ఒక వాక్యంలో సమాధానాలు రాయండి.
1. విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ కొలిముల పేర్లేమిటి?
2. మూతరాయి అంటే ఏమిటి?
3. పాశర్లపూడి బావి ఎన్ని రోజులు మండింది?
4. హైడ్రోజన్‌తో ఇనుము తయారుచేసినప్పుడు పొగకు బదులు ఏది వెలువడుతుంది?